కచేరీ అక్షరం - ఆటకాగితం

రచనకు అర్థం పదాలలో మాత్రమే ఉండదనీ, ఆ పదాలు కంటికి కనబడే తీరులో కూడ కొంత ఉంటుందనీ తెలుగు విమర్శ ఎన్నడూ గట్టిగా విచారించినట్లు లేదు. చక్రబంధం, నాగబంధం వంటివాటిని చిత్రకవిత్వమని ఒక మూలకు తోసి, అధమకావ్యమన్న ముద్ర వేసి ఆలంకారికులు చేతులు దులుపుకొన్నారు. అచ్చుయంత్రం వచ్చిన తరువాత పుటను తీర్చే బాధ్యత కంపోజిటరుకు దక్కింది. రచయిత ప్రూఫులు దిద్ది ఊరకున్నాడు. కాని గడచిన యాభై ఏండ్లలో పెరిగిన ఒక క్రొత్త రచనాభేదంలో ఈ ప్రశ్న తప్పించుకోవడానికి వీలులేనిదిగా ఉన్నది. బల్లచుట్టూ కూర్చుండి ఆడే పాత్రధారణక్రీడ కోసం వ్రాసే సాహసకథలు ఆ రచనాభేదం. వాటిని పాత టైపుమిషను మీద కొట్టిన కాగితాలవలె తీర్చి అచ్చువేయడం ఒక రివాజుగా వ్యాపించింది. ఆ రివాజు తెలుగులోనికి వస్తే ఏమవుతుంది, అందునా తెలుగు, గోండి, హిందీ ఒకదానినొకటి ఒరుసుకొనే బస్తరు వంటి సీమను గురించిన కథకు దానిని తొడిగితే ఏమవుతుంది అన్నది విచారించదగిన విషయం.

ఈ క్రీడ సంగతి ఎరుగనివారికి నాలుగు మాటలు చెప్పవలసి ఉన్నది. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు మూడు చిన్న పుస్తకాలుగా ప్రకటించిన ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’తో ఇది రూపు దిద్దుకొన్నది. ఒకడు సూత్రధారిగా కూర్చుంటాడు. తక్కినవారు ఒక్కొక్క పాత్రను ధరించి, ఆ పాత్ర ఏమి చేయదలచినదో నోటితో చెబుతారు. దాని ఫలితాన్ని కొంత పాచికలూ, కొంత నియమాలూ, కొంత సూత్రధారి వివేకమూ నిర్ణయిస్తాయి. ముందుగా వ్రాసిన సంభాషణలు లేవు, ముందే తెలిసిన ముగింపు లేదు. తెలుగువారికి ఇది బొత్తిగా అపరిచితమైన వ్యవహారమేమీ కాదు. అష్టావధానంలో పృచ్ఛకుడు నిషేధాక్షరి అడిగినప్పుడు జరిగేది, నియమమే కవ్వమై అప్పటికప్పుడు రచన పుట్టడం. వ్యత్యాసమల్లా, అవధానంలో ఒక్కనిని ఎనమండుగురు పరీక్షిస్తారు. ఈ క్రీడలో ఒక్కడు తక్కినవారందరిని పరీక్షిస్తాడు. అవధానం వలెనే ఇదికూడ గాలిలో కలిసిపోయే కళ. మిగిలేది ఆట ఆడించడానికి సూత్రధారి చేతిలో పెట్టుకొనే పుస్తకమూ, ఆట నడుమ ఆటగాండ్ర చేతికిచ్చే విడి కాగితాలూ మాత్రమే.

ఆ విడి కాగితాల వద్దనే సాహిత్యం ప్రవేశిస్తున్నది. చనిపోయినవాని బల్లసొరుగులో దొరికిన ఉత్తరం, వార్తాపత్రిక నుండి కత్తిరించిన ముక్క, పోలీసు ఠాణా నుండి వచ్చిన నివేదిక - ఇటువంటి కాగితాన్ని ఆటగాడు నిజంగా చేతపట్టుకొని చదువుతాడు. 1981లో శాండీ పీటర్సన్ రచించిన ‘కాల్ ఆఫ్ కతుల్హు’ ఈ పద్ధతికి గొప్ప ప్రచారం తెచ్చింది. 1984లో వచ్చిన ‘మాస్క్స్ ఆఫ్ న్యార్లతోటెప్’ అనే సాహసకథ ఈ కాగితాల సమృద్ధికే పేరొందింది. అయితే కాగితాన్ని పాత్రగా చేయడం ఇరవయ్యవ శతాబ్దపు అమెరికావారి సృష్టి అనుకొంటే పొరబాటు. 1936లో డెన్నిస్ వీట్లీ, జె. జి. లింక్స్ అనువారు లండనులో ‘మర్డర్ ఆఫ్ మయామీ’ అనే నేరకథను కథగా చెప్పక, టైపు నివేదికలు, తంతివార్తలు, ఛాయాచిత్రాలు, ఒక అగ్గిపుల్ల, కొన్ని వెండ్రుకలు కలిపికుట్టిన దస్త్రంగా ప్రకటించారు. పరిష్కారం వెనుక పుటలలో ముద్రవేసి మూసి ఉంటుంది. అంతకు ముందు 1897లో బ్రామ్ స్టోకర్ తన ‘డ్రాక్యులా’లో కథానాయిక చేతనే అందరి దినచర్యలనూ ఉత్తరాలనూ టైపు చేయించాడు. చివరకు తమవద్ద మిగిలినది టైపు కాగితాల కుప్ప మాత్రమేననీ, దానిని ఎవరూ ప్రమాణంగా స్వీకరించరనీ ఆ నవలలోని పాత్రలే నిట్టూర్చడం విశేషం.

ఇంకా వెనుకకుపోతే విశాఖదత్తుని ‘ముద్రారాక్షసం’ ఉన్నది. ఆ నాటకంలో రాజ్యాల తలవ్రాతను మార్చినది కత్తి కాదు, ఒక ఉత్తరం. అది శకటదాసుని దస్తూరీలో ఉన్నది. రాక్షసుని ఉంగరపు ముద్ర దానిపై ఉన్నది. దస్తూరీ నిజం, ముద్ర నిజం, ఉత్తరం మాత్రం అబద్ధం. చాణక్యుడు పన్నిన ఉపాయమంతా ఈ మూడింటి నడుమ ఉన్న సందులో ఇమిడి ఉన్నది. చేవ్రాత ఒక మనిషిని చూపుతుంది కనుకనే ఆ కపటం ఫలించింది. మలయకేతువు ఉత్తరంలోని అర్థాన్ని గాక అక్షరాన్ని నమ్మినాడు.

టైపు అక్షరం చేసేది దీనికి సరిగా వ్యతిరేకమైన పని. అది మనిషిని తొలగిస్తుంది. ఇంగ్లీషు టైపుమిషను మీద సన్నని ‘ఐ’ అక్షరానికీ లావైన ‘డబ్ల్యు’కూ ఒకటే వెడల్పు; పైకా మిషను అయితే అంగుళానికి పది అక్షరాలు, ఎలైట్ అయితే పన్నెండు. వాలు అక్షరాలు లేవు. నొక్కిచెప్పవలసిన మాటకు క్రింద గీత కొట్టవలసినదే. కుడి అంచు సమంగా ఉండదు. తప్పుపడితే దానిపై వరుసగా ఎక్స్ గుర్తులు కొట్టి ముందుకు పోవాలి. రెండవ ప్రతి, మూడవ ప్రతి కార్బను కాగితం క్రింద మసకబారుతూ వస్తాయి. ఆ మసకను చూచి ఈ ప్రతి ఎవరి ఫైలులోనిదో ఊహించవచ్చును. ఇవన్నీ యంత్రపు పరిమితులే తప్ప ఎవరూ కోరి చేసిన అలంకారాలు కావు. కాని వంద సంవత్సరాలపాటు కచేరీలు, కోర్టులు, ఠాణాలు ఆ పరిమితులలోనే మాట్లాడినందున, అవే అధికారానికి గొంతుకగా స్థిరపడ్డాయి. 1955 ప్రాంతంలో ఐ. బి. ఎం. సంస్థకోసం హవార్డ్ కెట్లర్ రూపొందించిన ‘కొరియర్’ అక్షరం, యంత్రాలు మూలబడిన తరువాత కూడ కంప్యూటరులో బ్రతికి ఉండడానికి అదే కారణం. అమెరికా విదేశాంగశాఖ 2004 వరకు తన పత్రాలకు ఆ జాతి అక్షరాన్నే వాడింది. ఆ అక్షరంలో ఉన్న మాటకు ‘ఎవరో ఒకరు అన్నారు’ అనే ఛాయ ఉండదు, ‘ఇది నమోదైనది’ అనే ఛాయ ఉంటుంది.

సాహసకథను టైపు ఫక్కీలో తీర్చేవారిలో పెక్కుమంది ఈ భేదాన్ని గమనించక, పుస్తకమంతా, నియమాలూ వర్ణనలూ సూత్రధారికి సలహాలూ సహా, టైపు అక్షరంలోనే కూర్చుతారు. పాతకాలపు గాలి వీయాలన్న కోరిక తప్పుకాదు గాని, అందువల్ల రెండు నష్టాలు కలుగుతున్నవి. మొదటిది కంటికి శ్రమ. ఏకవెడల్పు అక్షరంలో వంద పుటలు చదవడం ఎవరికీ ఇంపు కాదు. పైగా సూత్రధారి ఆట నడుమ ఒక చూపులో వెదికి పట్టుకోవలసిన సంగతులు ఆ బూడిదరంగు వరుసలలో మునిగిపోతవి. రెండవది అంతకంటె పెద్దది: అంతా పత్రమైతే ఏదీ పత్రం కాదు. రచయిత గొంతుకా ఠాణా గొంతుకా ఒకే అక్షరంలో వినబడితే, ఠాణా కాగితం చేతికి వచ్చినప్పుడు ఆటగాని ఒళ్లు జలదరించదు. మరొక చిన్న అపచారం కూడ ఉన్నది. కంప్యూటరులో చేసిన ‘అరిగిపోయిన’ టైపు అక్షరాలలో ప్రతి ‘ఇ’కారమూ ఒకేచోట పగిలి, ప్రతి ‘ఓ’కారమూ ఒకేవిధంగా సిరా నిండి కనబడుతుంది. నిజమైన మిషనులో మీట అరుగుదల మాత్రమే ప్రతిసారి ఒకటి. వ్రేలి బరువు మాత్రం ఏ దెబ్బకు ఆ దెబ్బ వేరు. మొదటి పుట చూచి మురిసినవాడు మూడవ పుటకు ఈ మోసాన్ని పట్టుకొంటాడు.

తెలుగుకు వచ్చేసరికి చిక్కు మరింత జటిలం. తాటాకు మీద గంటంతో గీసిన చేతి అలవాటువల్లనే తెలుగు అక్షరం గుండ్రబడినదని చెబుతారు. అది నిజమైనా కాకున్నా, తెలుగు అక్షరం వరుసలో నిలిచేది కాదు, గుంపుగా నిలిచేది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలో సకారం, తవత్తు, రవత్తు, ఈకారం పైనా క్రిందా ప్రక్కనా చేరి కూర్చుంటవి. ‘రాష్ట్రం’, ‘ఆర్ద్రత’ వంటి మాటలు కోర్టుకాగితాలలోనూ కవిత్వంలోనూ సమానంగా తగులుతూనే ఉంటవి. కంపోజిటరు వందలకొలది గళ్లున్న పెట్టెలనుండి దిమ్మలను ఏరి ఈ గుంపును నిలిపేవాడు. టైపుమిషనుకు ఉన్నది నలభైకి పైబడిన మీటలు, మీటకు రెండేసి గుర్తులు. అందులో అచ్చులు, హల్లులు, తలకట్లు, గుణింతాలు, వత్తులు, అంకెలు అన్నీ ఇమడాలి. అందుచేత కొన్ని గుర్తులకు బండి కదలని మీటలు ఏర్పాటు చేశారు. అక్షరం ఇరుకైనదైనా వెడల్పైనదైనా అట్టి గుర్తు పడే చోటు ఒక్కటే. ఫలితంగా తెలుగు టైపుపుటలో అక్షరం ముక్కలు ముక్కలుగా, తలకట్టు ఒకచోట, వత్తు మరొకచోట, కలిసీ కలియనట్లు కనబడుతుంది. దానిని చూచి నవ్వినవారున్నారు. కాని ఆ ఎడమే తెలుగు టైపుపుటకు ఆనవాలు. ఇప్పుడు తెలుగులో టైపు ఫక్కీ తేవాలనుకొనే రూపకర్త, కొరియర్ అక్షరపు అడుగుపీటలను తెచ్చి తెలుగు అక్షరాలకు అంటగడితే ఇంగ్లీషు వేసుకొన్న తెలుగువేషం అవుతుంది. తెలుగు మిషను చేసిన తప్పులనే, ఆ బండి కదలని మీటల ఎడబాటునే, తిరిగి చేయగలిగితే పని నెరవేరుతుంది. 2012లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమూ సిలికానాంధ్ర సంస్థా విడుదల చేసిన అక్షరశైలులకు ధూర్జటి, పెద్దన, తిమ్మన, గిడుగు, గురజాడ అని కవిపండితుల పేర్లు పెట్టారు, అందంగానే ఉన్నవి. ఠాణా గుమాస్తా పేరు మీద ఒక అక్షరశైలి ఇంకా కావలసియే ఉన్నది.

కాలజ్ఞానం కూడ అవసరమే. ఆంధ్రప్రదేశ్‌లో అధికార భాషా చట్టం వచ్చినది 1966లో. అంతకుముందు కోస్తా, రాయలసీమ జిల్లాలలో కచేరీ టైపు కాగితమంటే ప్రాయికంగా ఇంగ్లీషు కాగితమే. నిజాం రాజ్యంలో 1948 వరకు అధికారభాష ఉర్దూ. కనుక 1940ల నాటి కథకు తెలుగు టైపులో కలెక్టరు ఉత్తర్వు తయారుచేసి ఆటగాని చేతిలో పెడితే, అది పాతదనం కాదు, పాతదనపు బొమ్మ. ఆ కాలపు తెలుగు అధికారపత్రానికి అసలైన రూపం కరణాల గొలుసుకట్టు వ్రాత. కలం ఎత్తకుండ, మాటకు మాటను ముడివేసుకొంటూ పోయే ఆ దస్తూరీని చదవడమే ఒక విద్య. తెలియనివానికి అది గూఢలిపి. గుప్తపత్రాలను విప్పడంలోనే సరదా ఉన్న ఈ క్రీడకు అంతకంటె తగిన వస్తువు మరొకటి లేదు. మెకంజీ దొర సేకరింపించిన కైఫీయతులు ఉండనే ఉన్నవి. ఊరిపుట్టుక, గుడి, చెరువు, మాన్యాల తగాదాలు స్థానికుల నోట విన్నవి విన్నట్లు వ్రాసిన ఆ పత్రాలలో ఒక ఊరి కథ మరొక ఊరి కథతో పొసగదు. పరస్పరవిరుద్ధమైన సాక్ష్యాలను చేతికిచ్చి తేల్చుకొమ్మనడమే గదా సాహసకథ చేసే పని. విదేశీయుల టైపుఫక్కీకి ఆశపడేవారు ముందు ఈ ఇంటిసొత్తును చూడవలసి ఉన్నది.

ఇక తర్రెం. ఛత్తీస్‌గఢ్‌లో బీజాపూరు, సుక్మా జిల్లాల సరిహద్దున, బాసగూడ నుండి సిల్గేరుకు పోయే దారిలో ఉన్న ఊరు. దండకారణ్యమని పురాణాలలో చదివిన సీమ. ఊరిపేర్ల చివరి ‘గూడ’, ‘గూడెం’ తెలుగు చెవికి పరిచితమైనవే. అక్కడి గోండి భాషలో పండుగను ‘పండుం’ అంటారు. దోర్ల, కోయ జనం దక్షిణానికి దిగితే చర్ల, భద్రాచలం. 2005 తరువాతి హింసకు ఊళ్లు విడిచివచ్చి గోదావరి జిల్లాలలోనూ ఖమ్మం అడవులలోనూ గుడిసెలు వేసుకొన్న గుత్తికోయలు ఆ వైపువారే. బయటి ప్రపంచానికి తర్రెం అన్న మాట వినబడినది 2021 ఏప్రిల్ 3న, ఆ ప్రాంతంలో జరిగిన పోరులో 22 మంది భద్రతాసిబ్బంది మరణించినప్పుడు. మరుసటి నెలలో సిల్గేరు వద్ద క్రొత్తగా పెట్టిన శిబిరానికి వ్యతిరేకంగా చేరిన గ్రామస్థులపై కాల్పులు జరిగి ప్రాణాలు పోయినవి. ఇటువంటి చోట ఒక సాహసకథను నెలకొల్పి, దానికి టైపు కాగితాల వేషం వేయవచ్చునా? వేయవచ్చుననే చెప్పవలసి ఉంటుంది. కథకు నిషిద్ధప్రదేశాలు లేవు. కాని కాగితం అక్కడ అలంకారం కాదు. ఎవరు చనిపోయినారు, వారు ఎవరు అన్నది అక్కడ కాగితమే నిర్ణయిస్తూ వచ్చింది.

ఆ కాగితం తయారయ్యే తీరు అనువాదవిద్య ఎరిగినవారికి ప్రత్యేకంగా తోచవలసినది. గ్రామస్థుడు దోర్లిలోనో గోండిలోనో చెబుతాడు. రెండు భాషలూ కొద్దికొద్దిగా వచ్చిన ఎవరో హిందీలో చెబుతారు. ఠాణాలో దానిని పారసీ మాటలు కలిసిన పోలీసు హిందీలో వ్రాసుకొంటారు. వ్యాజ్యం పైకోర్టుకు ఎక్కితే ఇంగ్లీషు. ఊరిపేరే సాక్ష్యం. తెలుగులో ‘తర్రెం’ అని ద్విత్వంతో నిక్కచ్చిగా వ్రాయగల పేరు రోమను లిపిలో ఒకచోట ఒక రేఫతో, మరొకచోట రెండు రేఫలతో పడుతుంది. టేకులగూడెం పేరు ఏ పత్రికలో ఎన్ని రూపాలు ధరించిందో లెక్కించడం కష్టం. ఒకే మనిషి పేరు రెండు కాగితాలలో రెండు విధాలుగా పడితే, కాగితాల లోకంలో అతడు ఇద్దరు మనుషులు. మంచి రూపకర్త ఈ పేర్ల తేడాను తప్పుగా భావించి దిద్దివేయడు. చేతికిచ్చిన నాలుగు కాగితాలలో నాలుగు విధాలుగా ఉన్న పేరు ఒక్కరిదేనని ఆటగాడు కనిపెట్టిన క్షణం, ఏ వర్ణనా చెప్పలేని సత్యాన్ని చెబుతుంది.

బస్తరు కోర్టు కాగితాలనుండి సాహిత్యం పుట్టవచ్చునని చాలకాలం క్రిందటనే రుజువైనది. వెరియర్ ఎల్విన్ 1943లో ప్రకటించిన ‘మరియా మర్డర్ అండ్ సూయిసైడ్’ నూరు హత్యావ్యాజ్యాల రికార్డుల ఆధారంగా వ్రాసిన గ్రంథం. న్యాయస్థానం ‘ఎవరు, ఎప్పుడు, ఏ ఆయుధంతో’ అని అడిగి ముగించినచోట ఎల్విన్ ‘ఎందుకు’ అని మొదలుపెట్టినాడు. అతని తీర్మానాలన్నిటినీ నేటి మానవశాస్త్రజ్ఞులు అంగీకరించకపోవచ్చును గాని, దస్త్రాన్ని ఎట్లా చదవాలో నేర్చుకోవడానికి ఆ పుస్తకం గొప్ప పాఠం. తెలుగులో ఆ చూపు రావిశాస్త్రికి ఉండేది. వకీలుగా నేరవ్యాజ్యాల కాగితాలు చూచిన ఆ రచయిత ‘ఆరు సారా కథలు’లో చార్జిషీటు భాషకూ మనిషి గోడుకూ మధ్య ఉన్న అగాధాన్ని చూపించినట్లు మరొకరు చూపించలేదు. ఆయన దానిని వాక్యంతో సాధించాడు. ఆటకాగితం దానిని పుట ఆకృతితో సాధించవలసి ఉన్నది.

అటువంటి సాహసకథకు కాలం ఏది? టైపుమిషను వేషం నిజంగా అతికే కాలం ఎల్విన్ నాటినుండి గత శతాబ్దం చివరివరకు. 1966 మార్చి 25న జగదల్పురు రాజప్రాసాదంలో ప్రవీరచంద్ర భంజ్‌దేవ్ పోలీసు కాల్పులలో మరణించినప్పటి కాగితాలైతే టైపు అక్షరంలో ఉండడం న్యాయమే. అప్పుడు కూడ శీర్షికను చూచుకోవాలి. 1948కి ముందు బస్తరు ఒక సంస్థానం. 1966లో అది మధ్యప్రదేశ్‌లో ఒక జిల్లా. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం 2000లోనూ, బీజాపూరు జిల్లా 2007లోనూ ఏర్పడినవి. ‘ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం’ అన్న శీర్షిక క్రింద 1966 నాటి తేదీ వేసిన కాగితాన్ని చూచి తెలిసిన ఆటగాడు నవ్వుతాడు, ఆ నవ్వుతో ఆట చెదరుతుంది. ఇక 2012 నాటి, 2021 నాటి సంఘటనలకు టైపు అక్షరం పెట్టడం ఇంకా పెద్ద దోషం. అప్పటికి ఠాణా కాగితం కంప్యూటరులో తయారై వస్తున్నది. నిన్నటి చావుకు టైపు అక్షరం తొడిగితే అది ఏనాటిదో పాతకథ అయినట్లు, నెత్తురు ఆరిపోయినట్లు భ్రమ కలుగుతుంది. పాతదనం పట్ల గల మోజులో దాగి ఉన్న అసలు ప్రమాదం ఇదే. అది దూరాన్ని కల్పిస్తుంది; దూరం లేనిచోట దూరాన్ని కల్పించడం అబద్ధం.

దగ్గరగా ఉన్న ఒక ఉదాహరణ చాలును. తర్రెంకు దూరం కాని సార్కేగూడలో 2012 జూన్ 28 రాత్రి భద్రతాదళాల కాల్పులలో 17 మంది మరణించారు. మృతులు మావోయిస్టులని అప్పుడు వెలువడిన ప్రకటన. విత్తనాల పండుం సంగతి మాట్లాడుకోవడానికి కూడుకొన్నామని గ్రామస్థుల మాట. జస్టిస్ వి. కె. అగర్వాల్ విచారణసంఘం నివేదిక 2019లో వెలుగుచూచింది. మృతులు మావోయిస్టులనడానికి తగిన సాక్ష్యం లేదని అది తేల్చింది. ఒక కాగితాన్ని కొట్టివేయడానికి మరొక కాగితానికి ఏడేండ్లు పట్టినది. ఈ రెండు పత్రాలనూ ఒకే అక్షరంలో, ఒకే మసకతో, ఒకే రబ్బరుముద్రతో తీర్చేవాడు రూపకర్త కాడు, గుమాస్తా. అయితే మృతుల పేర్లను, వారి ఊరిని ఉన్నదున్నట్లు తెచ్చి ఆటలో చిక్కుముడిగా పెట్టడం కూడ తగదు. పాచికలు దొర్లించి తేల్చవలసినవి కావు ఆ చావులు. ఊరిపేరు మార్చి, సంఘటన మార్చి, కాగితాల నడుమనున్న ఆ ఏడేండ్ల ఎడాన్ని మాత్రం ఉంచుకొనడానికి కల్పనకు హక్కున్నది.

ఈ సందర్భంలో ఒక తీర్పు స్మరణీయం. 2011 జూలై 5న సల్వాజుడుం వ్యాజ్యంలో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్. ఎస్. నిజ్జర్ ఇచ్చిన సుప్రీంకోర్టు తీర్పు, మొదటి పుటలలోనే జోసెఫ్ కాన్రాడ్ ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ను తలచుకొన్నది. బస్తరు గురించి వ్రాస్తూ న్యాయమూర్తులు ఒక నవలను సాక్షిగా పిలవడం అరుదైన సంగతి. ఆ నవలలో ఈ ప్రసంగానికి పనికివచ్చే మరొక ఘట్టం కూడ ఉన్నది. కుర్ట్జ్ అనే దొర ఆటవికుల దురాచారాలను నిర్మూలించడం గురించి ఒక సంఘానికి నివేదిక వ్రాస్తాడు. ఉదాత్తమైన వాక్యాలతో పదిహేడు పుటలు. చివరి పుట అడుగున, ఎప్పుడో తరువాత, వణికే చేతితో గిలికిన ఒక్క పంక్తి, ఆ జనమందరినీ మట్టుబెట్టమని. మార్లో ఆ నివేదికను పత్రికావారికి ఇచ్చేటప్పుడు ఆ పంక్తిని చించి ఇస్తాడు. పుట ఆకృతిలో ఉన్న అర్థానికి ఇంతకు మించిన దృష్టాంతం దొరకదు. సాఫీగా సాగే వరుసలు ఏది చెప్పినా, అంచునున్న గిలుకుడు నిజం చెబుతుంది. టైపు ఫక్కీలో కాగితాలు తీర్చే రచయిత అందరికంటె ముందుగా నేర్వవలసినది ఆ అంచును వాడడం: పెన్సిలుతో వ్రాసిన ‘చూచితిని’, ఎర్రసిరాతో కొట్టివేసిన అంకె, గుండుసూదితో గుచ్చిన చీటీ చిరిగిపోగా మిగిలిన రెండు రంధ్రాలు.

మిగిలిన ప్రశ్న, గ్రామస్థుని మాటకు ఏ అక్షరం? గోండికి లిపులు లేకపోలేదు. ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన వ్రాతప్రతుల లిపి 2018లోనూ, 1918 నాటి మున్షీ మంగళ్ సింగ్ మసారాం లిపి 2017లోనూ యూనికోడులో స్థానం పొందినవి. కాని ఆ లిపులలో ఏ ఠాణాకూ టైపుమిషను ఉండేది కాదు, ఆ లిపులలో ఎవరి వాంగ్మూలమూ నమోదుకాలేదు. గుంజాల లిపిని తెచ్చి గ్రామస్థుని ఉత్తరమని ఒక కాగితం తయారుచేస్తే చూపుకు అందంగా ఉండవచ్చును. తర్రెం మనిషి చేతిలోనికి అది ఎట్లా వచ్చినదన్న ప్రశ్నకు మాత్రం జవాబు ఉండదు. నవలాకారుడు ఇక్కడ నిస్సహాయుడు, అతనికి ఉన్నది అచ్చుపుట ఒక్కటే. ఈ క్రీడకు మాత్రం నవలకు లేని ఒక సౌలభ్యం ఉన్నది: సూత్రధారి నోరు. ఠాణా మాట కాగితంగా చేతికివ్వవచ్చును, గ్రామస్థుని మాట చెవికి మాత్రమే వినిపించవచ్చును. కాగితం బల్లమీద నిలిచి ఉంటుంది, పదిసార్లు చదువుకోవచ్చును. విన్న మాట జారిపోతుంది. దానిని గుర్తుంచుకోవడమా, వదలివేయడమా అన్నది ఆటగాని మీద పడుతుంది. అర్ధగంట తరువాత నలుగురు ఆటగాండ్రు నాలుగు విధాలుగా ఆ మాటను చెప్పుకొంటూ, చివరకు కాగితంలో ఉన్నదానివైపే మొగ్గుతారు. అడవిలోనూ జరిగినది అదే.

వేలిముద్రల సంగతి కూడ చెప్పవలసి ఉన్నది, ఎందుచేతనంటే టైపు ఫక్కీ కాగితాలలో రూపకర్తలు మక్కువతో వేసే అలంకారాలలో అది ముఖ్యమైనది. పోలీసులు విచారణలో నమోదుచేసిన వాంగ్మూలంపై చెప్పినవానిచేత సంతకం చేయించరాదని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 162వ సెక్షను. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన క్రొత్త చట్టంలోనూ అదే నియమం నిలిచింది. కనుక అటువంటి కాగితం అడుగున నల్లని బొటనవ్రేలి ముద్ర వేస్తే అది తెలియనితనమైనా కావాలి, లేదా ఎవరో చట్టాన్ని ఉల్లంఘించి వేయించినారన్న జాడ అయినా కావాలి. ఆ రెండవ అర్థంతో వేస్తే, నియమం తెలిసిన ఆటగాడు ఆ కాగితాన్ని పట్టుకొని ‘ఈ ముద్ర ఇక్కడ ఎందుకున్నది’ అని అడుగుతాడు. పంచనామా మీద, పంచుల పేర్లకు ఎదురుగా, ముద్రలు ఉండవలసినవే. అక్కడ ఒక పేరుకు ఎదురుగా ముద్ర లేకుండ ఖాళీ విడిచిపెట్టినా చాలును.